కంజెషన్ కంట్రోల్ ఇప్పటికీ ఎందుకు: తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండలో ఇంజినీరింగ్ పిల్లలకు నెట్‌వర్క్స్ ల్యాబ్ చూస్తాను. బ్యాచ్‌లు మారుతున్నాయి, ప్రశ్నలు మాత్రం అవే. ఈమధ్య ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చే కుర్రాళ్లు, వర్క్ ఫ్రమ్ హోమ్ చేసే చుట్టాలు కూడా ఫోన్ చేసి అవే అడుగుతున్నారు. అందుకే అన్నీ ఒకచోట రాసిపెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీ ప్రశ్న ఎక్కడుంటే అక్కడికే వెళ్లండి. ఏ జవాబుకు ఆ జవాబు పూర్తిగా ఉండాలని రాయడంతో కొన్ని మాటలు రెండుసార్లు కనిపిస్తాయి.

## మొదటిసారి వింటున్నవాళ్లకు

కంజెషన్ కంట్రోల్ అంటే ఏంటి సార్, ఒక్క ముక్కలో చెప్పండి?

దారి ఎంత మోయగలదో చూసుకుని, పంపేవాడు తన జోరును తానే తగ్గించుకోవడం, పెంచుకోవడం. ఇక్కడ 'తానే' అన్నదే కీలకం. మధ్యలో ఉన్న రూటర్ ఎవరికీ వాటాలు పంచిపెట్టదు. మీకు వీడియో పంపే సర్వర్‌లోని ఆపరేటింగ్ సిస్టమే, అందినట్టు రసీదు రాకముందు ఎన్ని ప్యాకెట్లు (డేటా ముక్కలు) దారిలో ఉండొచ్చో లెక్క పెట్టుకుంటుంది. ఆ లెక్క పేరు కంజెషన్ విండో. రసీదులు సజావుగా వస్తుంటే పెంచుతుంది, తేడా కనబడితే తగ్గిస్తుంది. కోట్ల మంది ఒకరికొకరు తెలియకుండా ఒకే లింకులు వాడుకుంటున్నా నెట్ నడుస్తోందంటే, ప్రతి పంపేవాడూ ఈ కట్టుబాటు పాటిస్తున్నందుకే.

ఇప్పుడు ఇంటింటికీ ఫైబర్ వచ్చింది కదా, ఇంకా రద్దీ ఎక్కడిది?

అందరికంటే ఎక్కువ మంది అడిగేది ఇదే. ఫైబర్ వేస్తే రద్దీ పోదు, చోటు మారుతుంది. ఏ దారిలోనైనా మిగతావాటి కంటే ఇరుకైన లింకు ఒకటి ఉంటుంది. సర్వర్‌కు 10 జీబీపీఎస్ పోర్ట్ ఉండి, మీ ప్లాన్ 100 ఎంబీపీఎస్ అయితే, ఆ రెండూ కలిసే చోట ఒక్క కస్టమర్ ఉన్నా రద్దీయే. ఇంట్లో వైఫై ఇరుకు కావచ్చు. ఒకే ఫైబర్‌ను చాలా ఇళ్లకు పంచే జీపాన్ పద్ధతిలో అయితే ఒక పోర్ట్ మీద కిందికి వచ్చే సుమారు 2.5 జీబీపీఎస్‌ను 32 ఇళ్లో, 64 ఇళ్లో పంచుకుంటాయి. పైకి వెళ్లే దారి దాంట్లో సగమే.

మిర్చి సీజన్‌లో వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌ను చూడండి. రోడ్డు ఎంత వెడల్పు చేసినా కాంటాలు, హమాలీలు ఎప్పట్లాగే ఉంటే బండ్ల వరస గేటు బయటికి పెరుగుతుందే తప్ప ఒక్క బస్తా కూడా తొందరగా తూకం కాదు. సరుకు ఊళ్లోనే ఒక పూట ఆగితేనే అందరికీ నయం. నెట్‌లో ఆ 'ఊళ్లోనే ఆగడం' పంపే కంప్యూటర్‌లో జరగాలి. లింకు వేగం పెంచడం, పంపేవాడిని అదుపులో పెట్టడం రెండు వేర్వేరు పనులు. మొదటిది చేశాం కదా అని రెండోది మానేయడానికి లేదు.

ఇది లేకపోతే నిజంగానే నెట్ కూలిపోతుందా, పుస్తకాల్లో భయపెట్టడానికి రాశారా?

కూలిపోయింది కూడా. 1986 అక్టోబర్‌లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కు, బర్క్‌లీ యూనివర్సిటీకి మధ్య నెట్ వేగం సెకనుకు 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. రెంటికీ మధ్య దూరం 400 గజాలు. సెకనుకు 40 బిట్లంటే అయిదు అక్షరాలు. మనిషి చేత్తో టైప్ చేసినంత వేగం అన్నమాట.

లైన్ తెగలేదు, కరెంటు పోలేదు. లైన్ నిండా ప్యాకెట్లు పోతూనే ఉన్నాయి. క్యూ పెరిగేకొద్దీ రసీదు ఆలస్యమైంది. ప్యాకెట్ పోయిందనుకుని పంపేవాడు మళ్లీ పంపాడు. మొదటిది ఇంకా క్యూలోనే ఉంది, దాని వెనకే దాని నకలు చేరింది. అలా అందరూ చేసేసరికి లైన్ మోసిన బరువులో ఎక్కువ భాగం నకళ్లే అయ్యాయి. ఇలా జరగొచ్చని 1984లోనే జాన్ నేగిల్ హెచ్చరించాడు, దీనికి 'కంజెషన్ కొలాప్స్' అనే పేరు పెట్టిందీ ఆయనే. వాన్ జేకబ్సన్, మైకేల్ కేరల్స్ కలిసి దీనికి మందు కనిపెట్టారు, 1988లో పరిశోధనా పత్రంగా వచ్చింది. కొత్త కేబుళ్లు, కొత్త రూటర్లు వేయకుండా, చివర్లలో ఉన్న కంప్యూటర్ల సాఫ్ట్‌వేర్ మార్చి నెట్‌ను నిలబెట్టారు. నెట్‌వర్కింగ్ చరిత్రలో నాకు అన్నిటికంటే నచ్చిన ఘట్టం ఇదే.

ఫ్లో కంట్రోల్, కంజెషన్ కంట్రోల్ ఒకటే కదా?

కాదు. తీసుకునేవాడి బఫర్ (ప్యాకెట్లు కాసేపు దాచుకునే మెమరీ) నిండకుండా కాపాడేది ఫ్లో కంట్రోల్. దాని హద్దును తీసుకునేవాడే ప్రతి రసీదులో రాసి పంపుతాడు. మధ్య దారి నిండకుండా కాపాడేది కంజెషన్ కంట్రోల్. దాని హద్దును ఎవరూ చెప్పరు, పంపేవాడే అంచనా వేసుకోవాలి. ఈ రెండు హద్దుల్లో ఏది చిన్నదైతే అంతవరకే టీసీపీ (రసీదులు చూసుకుంటూ డేటాను చేరవేసే ప్రోటోకాల్) పంపుతుంది.

## లోపల ఎలా నడుస్తుందో తెలుసుకోవాలనుకునేవాళ్లకు

దారిలో రద్దీ ఉందని పంపేవాడికి ఎవరు చెప్తారు?

చాలావరకు ఎవరూ చెప్పరు, వాడే పసిగట్టాలి. అందుకు ఆనవాళ్లు మూడు.

మొదటిది ప్యాకెట్ పోవడం. ఒక ప్యాకెట్ తప్పిపోతే దాని తర్వాతవి అందినప్పుడల్లా తీసుకునేవాడు పాత రసీదునే మళ్లీ పంపుతాడు. అలాంటి నకలు రసీదులు మూడు వస్తే, ఒకటి పోయింది గానీ దారి నడుస్తూనే ఉందని అర్థం. అసలు ఏ రసీదూ రాకుండా టైమర్ అయిపోతే పరిస్థితి ఇంకా అధ్వాన్నమని అర్థం. ఈ రెంటికీ స్పందన వేరువేరుగా ఉండటం అందుకే.

రెండోది ఆలస్యం. ప్యాకెట్ పోకముందే క్యూ పెరుగుతుంది, కాబట్టి పోయి రావడానికి పట్టే టైమ్ పెరుగుతుంది. 1994 నాటి టీసీపీ వేగాస్ ఈ ఆనవాలునే నమ్ముకుంది.

మూడోది రూటర్ నోరు విప్పి చెప్పడం. 2001లో ప్రమాణంగా మారిన ఈసీఎన్‌లో, రూటర్ ప్యాకెట్‌ను పారేయకుండా దాని ఐపీ హెడర్‌లోని రెండు బిట్ల మీద 'ఇక్కడ రద్దీ' అని గుర్తు పెడుతుంది. తీసుకునేవాడు ఆ కబురు పంపినవాడికి చేరవేస్తాడు. ముచ్చటైన పద్ధతి. కానీ పంపేవాడు, తీసుకునేవాడు, మధ్యలో రూటర్ ముగ్గురూ ఒప్పుకుంటేనే పని చేస్తుంది.

స్లో స్టార్ట్ అంటారు, మళ్లీ ప్రతిసారీ రెట్టింపు అంటారు. ఇందులో స్లో ఏముంది?

మొదలుపెట్టే చోటు చిన్నది, అంతే. అంతకుముందు టీసీపీ తీసుకునేవాడు ఒప్పుకున్నంతా మొదటి దెబ్బకే గుమ్మరించేది. దానితో పోలిస్తే ఇది నిదానం.

ఈ లెక్క ఒకసారి చేసి చూస్తే రోజూ ఎదురయ్యే ఓ చిక్కుముడి విడిపోతుంది. 2013 నుంచి ప్రతిపాదనలో ఉన్న మొదటి విండో 10 ప్యాకెట్లు. తర్వాత 20, 40, 80. నాలుగు విడతల్లో మొత్తం 150 ప్యాకెట్లు. ఒక్కో ప్యాకెట్‌లో 1460 బైట్ల చొప్పున దాదాపు 219 కేబీ. అంటే 200 కేబీ పేజీ రావడానికి, కనెక్షన్ కలుపుకోవడానికి పట్టేది కాకుండా, నాలుగుసార్లు పోయి రావాలి. పోయి రావడానికి 40 మిల్లీసెకన్లు పట్టే సర్వర్ నుంచైతే 160 మిల్లీసెకన్లు, 250 మిల్లీసెకన్లు పట్టే అమెరికా సర్వర్ నుంచైతే సెకను. మీ ప్లాన్ 100 ఎంబీపీఎస్ అయినా, 1 జీబీపీఎస్ అయినా ఈ నాలుగు విడతలు తప్పవు. ప్లాన్ పెంచినా పేజీలు అదే వేగంతో తెరుచుకుంటున్నాయని మీ ఆపరేటర్‌తో పోట్లాడే ముందు ఈ లెక్క గుర్తుంచుకోండి.

పెంచేటప్పుడు ఒక్కొక్కటి, తగ్గించేటప్పుడు సగానికి సగం. ఈ పక్షపాతం ఎందుకు?

స్లో స్టార్ట్ దశ దాటాక విండోను విడతకు ఒక్కో ప్యాకెట్ చొప్పున పెంచుతారు, ప్యాకెట్ పోతే సగం చేస్తారు. దీనికి రెండు కారణాలు. తక్కువ పంపితే నష్టం మీకొక్కరికే, ఎక్కువ పంపితే ఆ దారిలో పోయే అందరికీ. అందుకే పైకి మెల్లగా, కిందికి గబుక్కున.

రెండోది ఇంకా అందంగా ఉంటుంది. ఒకే లింకు మీద ఒకరు 80, ఒకరు 20 పంపుతున్నారనుకోండి. లింకు నిండి ఇద్దరూ సగం చేసుకుంటే 40, 10. తేడా 60 నుంచి 30కి వచ్చింది. తర్వాత ఇద్దరూ సమానంగా పెంచుకుంటూ పోతే 65, 35 దగ్గర మళ్లీ నిండుతుంది. మళ్లీ సగం: 32.5, 17.5. తేడా 15. ఇలా ఎవరూ పంచాయితీ పెట్టకుండానే ఇద్దరూ సమాన వాటా వైపు జరుగుతారు. ఇద్దరూ కూడికతో తగ్గిస్తే, లేదా గుణకంతో పెంచితే ఇలా జరగదు. డా-మింగ్ చియు, రాజ్ జైన్ 1989లో దీన్ని లెక్కలతో నిరూపించారు. ఇద్దరి మధ్య పోయి వచ్చే టైమ్ వేరైతే మాత్రం ఇంత సమానం రాదు, దగ్గరి సర్వర్‌కే ఎక్కువ దక్కుతుంది.

రెనో, క్యూబిక్, బీబీఆర్... ఇన్నెందుకు? ఏది మంచిది?

ఇవన్నీ విండోను ఎలా పెంచాలో, తగ్గించాలో చెప్పే పద్ధతుల పేర్లు. పైన చెప్పిన 'ఒక్కొక్కటి పెంచు, సగం తగ్గించు' రకం రెనో. ఇన్ని ఎందుకంటే, దారులు మారాయి కాబట్టి. 10 జీబీపీఎస్ లింకు, పోయి రావడానికి 100 మిల్లీసెకన్లు అనుకుంటే దారి నిండటానికి 83 వేల పైచిలుకు ప్యాకెట్లు కావాలి. రెనోలో ఒక్క ప్యాకెట్ పోయి విండో సగమైతే, విడతకు ఒక్కటి చొప్పున పెంచుకుంటూ మళ్లీ అక్కడికి చేరడానికి గంటకు పైగా పడుతుంది. అంతసేపు ఏ లింకూ తప్పు చేయకుండా ఉండదు.

క్యూబిక్ దీనికి వచ్చిన సమాధానం. పోయినసారి ఎక్కడ దెబ్బ తగిలిందో గుర్తుపెట్టుకుని, అక్కడిదాకా త్వరగా పోయి, దాని దగ్గర నెమ్మదించి, దాటాక మళ్లీ జోరు పెంచుతుంది. దెబ్బ తగిలితే సగానికి కాదు, 0.7 వంతుకు తగ్గుతుంది. 2006 నుంచి లైనక్స్‌లో డిఫాల్ట్ ఇదే. బీబీఆర్‌ను గూగుల్ 2016లో తెచ్చింది. ఇది ప్యాకెట్ పోయేదాకా ఆగదు. దారిలో ఇరుకైన లింకు వేగం ఎంత, క్యూ లేనప్పుడు పోయి రావడానికి ఎంత పడుతుంది అని రెండు కొలతలు పెట్టుకుని ఆ మేరకే పంపుతుంది.

ఏది మంచిదంటే... క్యూబిక్ ఎక్కడ పెట్టినా పెద్దగా ఇబ్బంది పెట్టదు. నష్టాలున్న దూరపు దారిలో బీబీఆర్ బాగా లాగుతుంది. కానీ దాని మొదటి వెర్షన్ చిన్న బఫర్లున్న చోట క్యూబిక్ కనెక్షన్ల వాటా లాగేసుకుంటుందని తేలింది, తర్వాతి వెర్షన్లు దాన్ని సరిచేసే ప్రయత్నమే. 'బీబీఆరే బెస్ట్' అని ఒక్క మాటలో తేల్చేసే వీడియోలను నేనైతే నమ్మను.

యూట్యూబ్ క్విక్ మీద, అంటే యూడీపీ మీద కదా వచ్చేది. దానికి ఇవన్నీ అక్కర్లేదా?

రసీదుల గొడవ లేకుండా ప్యాకెట్లు పంపేసే ప్రోటోకాల్ యూడీపీ. దానిలో కంజెషన్ కంట్రోల్ లేదు, నిజమే. దాని మీద కట్టిన క్విక్‌లో ఉంది. 2021లో క్విక్ ప్రమాణాలు వచ్చినప్పుడు దీనికోసమే ప్రత్యేకంగా ఒక పత్రం విడుదల చేశారు. స్లో స్టార్ట్, విండో, తగ్గించడం అన్నీ ఉన్నాయి. తేడా ఏంటంటే అది ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్‌లో కాకుండా అప్లికేషన్‌లో ఉంటుంది, కాబట్టి మార్చడం తేలిక. వీడియో కాల్స్ కూడా యూడీపీ మీదే నడుస్తాయి, అవీ ఆలస్యం చూసుకుంటూ బొమ్మ నాణ్యత తగ్గించుకుంటాయి. సొంతంగా యూడీపీ ప్రోగ్రామ్ రాసి హద్దు లేకుండా పంపే ప్రాజెక్టులు ప్రతి ఏడూ ఒకటో రెండో వస్తాయి. ల్యాబ్ స్విచ్ వరకు ఫర్వాలేదు, బయటి నెట్‌లో వద్దు.

## ఇంట్లో, హాస్టల్లో

మా ఇంట్ల స్పీడ్‌టెస్ట్ మంచిగనే వస్తది, మరి ఆఫీస్ మీటింగ్‌ల మాట ఎందుకు తెగుతది?

స్పీడ్‌టెస్ట్‌లో పెద్దగా కనిపించే అంకె, సెకనుకు ఎంత డేటా పోయిందన్నది. మీటింగ్‌కు కావాల్సింది ప్రతి ప్యాకెట్ ఎంత తొందరగా చేరిందన్నది. ఆ రెండూ ఒకటి కావు.

ఒక పరీక్ష చేయండి. కంప్యూటర్ తెర మీద ఒక కిటికీలో పింగ్ (ఒక ప్యాకెట్ పోయి రావడానికి ఎంత పట్టిందో చూపే కమాండ్) నడుస్తూ ఉండనివ్వండి. 14, 15, 13 మిల్లీసెకన్లు అని వస్తుంటుంది. ఇప్పుడు ఫోన్ నుంచి పెళ్లి వీడియో ఒకటి డ్రైవ్‌కు అప్‌లోడ్ పెట్టండి. అదే పింగ్ 90, 240, 610, 780 అంటూ ఎక్కిపోతే రోగం దొరికినట్టే. అప్‌లోడ్ ఆపగానే మళ్లీ 14కు దిగుతుంది.

జరిగేది ఇది. మీ అప్‌లోడ్ వేగం 10 ఎంబీపీఎస్, రూటర్‌లో 1 ఎంబీ బఫర్ ఉందనుకోండి. క్యూబిక్ లాంటి పద్ధతి ప్యాకెట్ పోయేదాకా పెంచుతూనే ఉంటుంది. బఫర్ పెద్దది కాబట్టి పోదు, నిండుతుంది. నిండిన 1 ఎంబీ ఖాళీ అవడానికి 0.8 సెకన్లు పడుతుంది. మీ మాట ఆ క్యూ వెనకాల నిలబడుతుంది. దీనికి జిమ్ గెటిస్ పెట్టిన పేరు బఫర్‌బ్లోట్. ఒక్క ప్యాకెట్ కూడా పోకూడదని మెమరీ చవగ్గా దొరుకుతోంది కదా అని రూటర్లలో నింపేసిన ఫలితం.

అంటే కంజెషన్ కంట్రోల్ చేసిన తప్పా? సగం. దానికి సమయానికి కబురు అందలేదు, అది మిగతా సగం. 2012లో క్యాథలీన్ నికల్స్, వాన్ జేకబ్సన్ కోడెల్ అనే పద్ధతి తెచ్చారు. క్యూలో ఎన్ని ఉన్నాయని కాక, ప్యాకెట్ ఎంతసేపు నిలబడిందని చూస్తుంది. 5 మిల్లీసెకన్లకు మించి నిలబడటం 100 మిల్లీసెకన్ల పాటు తగ్గకపోతే ముందే ఒకదాన్ని పారేసి పంపేవాడికి చురక పెడుతుంది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ రూటర్లలో ఎస్‌క్యూఎం అనే ప్యాకేజ్‌తో, మైక్రోటిక్‌లో రూటర్‌ఓఎస్ 7 నుంచి ఎఫ్‌క్యూ కోడెల్, కేక్ అనే క్యూ రకాలతో ఇది పెట్టుకోవచ్చు. హద్దును మాత్రం అసలు వేగం కంటే కాస్త తక్కువ, 90 శాతం దగ్గర పెట్టండి. లేకపోతే క్యూ మీ రూటర్‌లో కాకుండా ఆపరేటర్ పెట్టెలో పేరుకుంటుంది, అక్కడ మీ చెయ్యి ఆడదు.

రూమ్మేట్ డౌన్‌లోడ్ మేనేజర్ పెడితే నా నెట్ ఎందుకు చచ్చిపోతోంది అన్నా?

వాటా మనిషికి కాదు, కనెక్షన్‌కు దక్కుతుంది కాబట్టి. అతని మేనేజర్ ఒకే ఫైల్‌ను 16 ముక్కలు చేసి 16 కనెక్షన్లు తెరిచింది. నీది ఒక్కటే. లింకు 17 వాటాలైతే అతనికి 16. రూలు ఎవరూ మీరలేదు, రూలులోనే ఆ సందు ఉంది. హాస్టల్ రూటర్‌లో ఒక్కో గదికి, లేదా ఒక్కో పరికరానికి విడిగా క్యూ ఉండే పద్ధతి పెడితే ఈ గొడవ తీరుతుంది. కేక్‌లో పరికరాన్ని బట్టి పంచే ఏర్పాటు ఉంది. వార్డెన్‌తో మాట్లాడండి, రూమ్మేట్‌తో కాదు.

నా లాప్‌టాప్‌లో బీబీఆర్ ఆన్ చేస్తే డౌన్‌లోడ్ స్పీడ్ పెరుగుతుందా?

పెరగదు. జోరు నిర్ణయించేది పంపేవాడు. డౌన్‌లోడ్‌లో పంపేది సర్వర్, మీరు రసీదులు ఇచ్చేవాళ్లు మాత్రమే. మీ లాప్‌టాప్‌లో మార్చిన సెట్టింగ్ మీరు అప్‌లోడ్ చేసేవాటికే పనికొస్తుంది. సొంత సర్వర్ నడుపుతుంటే అక్కడ మార్చండి, అప్పుడు మీ దగ్గర డౌన్‌లోడ్ చేసుకునేవాళ్లకు తేడా తెలుస్తుంది.

వెనక గదిలో సిగ్నల్ రెండు గీతలే. వేగం ఇంత దారుణంగా పడిపోతుందేం?

కొంత రేడియో వేగమే తగ్గడం వల్ల. మిగతాది టీసీపీ అపార్థం వల్ల. వైఫై పోయిన ప్యాకెట్లను తనే మళ్లీ పంపుకుంటుంది, అయినా కొన్ని జారిపోతాయి. అవి గోడ వల్ల పోయాయా, రద్దీ వల్ల పోయాయా అని రెనో రకం పద్ధతులకు తెలియదు. పోతే చాలు, రద్దీ అనుకుని తగ్గిస్తాయి.

ఎంత తగ్గిస్తాయో చెప్పే సూత్రం 1997లోనే వచ్చింది: వేగం పోయి వచ్చే టైమ్‌కు, నష్టం రేటు వర్గమూలానికి విలోమంగా ఉంటుంది. 40 మిల్లీసెకన్ల దారిలో నూటికి ఒక్క ప్యాకెట్ పోతే రెనోకు ఒక కనెక్షన్ మీద వచ్చేది సుమారు 3.5 ఎంబీపీఎస్. లింకు 100 ఎంబీపీఎస్ అయినా సరే. ఒక్క శాతమే కదా అని తేలిగ్గా తీసుకునేవాళ్లు ఈ అంకె చూసి ఉలిక్కిపడతారు.

మేడారం జాతరలో ఫోన్ నిండా సిగ్నల్ ఉన్నా నెట్ రాదు. అక్కడ కంజెషన్ కంట్రోల్ ఏం చేస్తున్నట్టు?

చేయగలిగింది చేస్తూనే ఉంటుంది, కానీ అది లేని బ్యాండ్‌విడ్త్‌ను పుట్టించలేదు. రెండేళ్లకోసారి ములుగు జిల్లాలో ఆ కొద్ది రోజులకు లక్షల మంది ఒకేచోట చేరతారు. తాత్కాలిక టవర్లు పెట్టినా ఒక్కొక్కరికి వచ్చే వాటా అతి చిన్నది. సిగ్నల్ గీతలు టవర్ ఎంత బాగా వినబడుతోందో చెప్తాయి, దాని దగ్గర ఎంతమంది ఉన్నారో చెప్పవు.

పైగా డేటా పంపడానికి ముందు ఫోన్ టవర్‌తో మాట కలపాలి, అక్కడే తోపులాట. అది టీసీపీ చేతిలో లేదు. కాల్ కలవకపోవడం కూడా వేరే సంగతి: చోటు లేకపోతే కొత్త కాల్‌ను లోపలికి రానివ్వకపోవడం అడ్మిషన్ కంట్రోల్. మాట కలిశాక టీసీపీ విండో ఒక్క ప్యాకెట్‌కు కుదించుకుంటుంది. అదీ పోతే ఒక సెకను, తర్వాత రెండు, నాలుగు, ఎనిమిది అంటూ ఆగి ఆగి ప్రయత్నిస్తుంది. అందుకే 'గద్దెల కాడ ఉన్నం' అనే వాట్సాప్ మెసేజ్ ఎప్పటికో అప్పటికి చేరుతుంది, అది ఒకటి రెండు ప్యాకెట్ల పని. బంగారంతో (మొక్కు బెల్లంతో) దిగిన ఫోటోకు వందల ప్యాకెట్లు కావాలి, అది తాడ్వాయి దాటాక పోతుంది. అందరి ఫోన్లూ ఆగకుండా నకళ్లు పంపుతుంటే ఆ మెసేజ్ కూడా పోయేది కాదు.

## పెద్ద నెట్‌వర్క్‌ల గురించి

డేటా సెంటర్‌లో అన్నీ ఒకే బిల్డింగ్‌లో, 100 జీబీపీఎస్ లింకులతో ఉంటాయి. అక్కడ కూడా కావాలా?

ఇంటికంటే అక్కడే ఎక్కువ కావాలి. ఒక సర్వర్ వంద సర్వర్లను ఒకేసారి ప్రశ్న అడుగుతుంది, వందా ఒకే క్షణంలో జవాబిస్తాయి. స్విచ్‌లో ఆ ఒక్క పోర్ట్ దగ్గర బఫర్ పొంగిపోతుంది. దీన్ని ఇన్‌కాస్ట్ అంటారు. పోయి రావడానికి 100 మైక్రోసెకన్లు పట్టే చోట, పోయిన ప్యాకెట్ కోసం లైనక్స్ టైమర్ కనీసం 200 మిల్లీసెకన్లు ఆగుతుంది. అంటే 2000 రెట్లు.

2010లో వచ్చిన డీసీటీసీపీ ఇక్కడ బాగా పనికొచ్చింది. క్యూ కాస్త పెరగగానే స్విచ్ ప్యాకెట్ల మీద గుర్తు పెడుతుంది. గుర్తున్నవి ఎన్ని శాతమో చూసి ఆ మేరకే తగ్గుతుంది: అన్నిటి మీదా ఉంటే సగం, పది శాతం మీదే ఉంటే అయిదు శాతం. ఇప్పుడు ఏఐ మోడళ్లకు శిక్షణ ఇచ్చే చోట ఈ సమస్య ఇంకా ముదిరింది. వేల జీపీయూలు ఒక విడత పూర్తిచేసి ఒకదానికొకటి లెక్కలు పంపుకుంటాయి. అన్నిటికంటే వెనకపడిన ఒక్క కనెక్షన్ చేరేదాకా మిగతావన్నీ ఖాళీగా కూర్చోవాలి. అంత ఖరీదైన యంత్రాలు ఊరికే కూర్చుంటే ఎవరికైనా టెన్షనే.

మరి రూటర్లే గట్టిగా చెప్పే రోజు వస్తుందా?

ఆ దిశగా పని జరుగుతోంది. 2023లో ఎల్4ఎస్ పత్రాలు వచ్చాయి. క్యూ పుట్టీ పుట్టకముందే గుర్తు పెట్టడం, పంపేవాడు దానికి చిన్నచిన్నగా స్పందించడం, పాత టీసీపీ ట్రాఫిక్‌ను వేరే క్యూలో ఉంచడం దాని సారాంశం. ఆపరేటర్, రూటర్, అప్లికేషన్ అందరూ మారాలి కాబట్టి ఒక్కరోజులో వచ్చేది కాదు.

## పరీక్ష, ప్రాజెక్ట్

గేట్‌లో విండో లెక్క ప్రతిసారీ తప్పుతోంది. ఎక్కడ పొరపాటు?

ఎక్కువ మంది పాత త్రెషోల్డ్‌ను (రెట్టింపు ఆపి ఒక్కొక్కటి పెంచడం మొదలయ్యే హద్దును) సగం చేస్తారు. సగం చేయాల్సింది నష్టం జరిగినప్పటి విండోను.

త్రెషోల్డ్ 16, విండో 1తో మొదలైందనుకోండి: 1, 2, 4, 8, 16. అక్కడి నుంచి ఒక్కొక్కటి: 17, 18, 19, 20. ఇరవై దగ్గర టైమవుట్. కొత్త త్రెషోల్డ్ 10, ఎనిమిది కాదు. విండో 1, 2, 4, 8, తర్వాత 10. పదహారు రాదు, ఎందుకంటే త్రెషోల్డ్ దాటి రెట్టింపు చేయకూడదు. ఆపైన 11, 12. అదే ఇరవై దగ్గర మూడు నకలు రసీదులు వస్తే రెనో 10 నుంచి కొనసాగుతుంది, రెనో కంటే పాతదైన టాహో మాత్రం మళ్లీ 1కి పోతుంది. ప్రశ్నలో టైమవుట్ అన్నాడా, నకలు రసీదులు అన్నాడా అనేది రెండుసార్లు చదవండి.

ప్రాజెక్ట్ కోసం మినీనెట్‌లో (ఒకే కంప్యూటర్‌లో నెట్‌వర్క్‌ను అనుకరించే సాఫ్ట్‌వేర్‌లో) క్యూబిక్, బీబీఆర్ పోల్చాను. గ్రాఫ్‌లు అర్థం లేకుండా వస్తున్నాయి, ఎందుకు?

సాధారణంగా రెండు చోట్ల దెబ్బతింటారు. ఆలస్యం పుట్టించే నెట్‌ఎమ్‌ను పంపే మెషిన్ ఇంటర్‌ఫేస్ మీదే పెడతారు. అక్కడ లైనక్స్ తన సొంత క్యూను అదుపు చేసే పద్ధతితో అది చిక్కుపడుతుంది. మధ్యలో రూటర్‌గా విడి నోడ్ ఒకటి పెట్టి, దాని మీద పెట్టండి.

రెండోది నెట్‌ఎమ్ క్యూ హద్దు. డిఫాల్ట్ 1000 ప్యాకెట్లు. 1 జీబీపీఎస్, 100 మిల్లీసెకన్ల దారి అనుకుంటే దారిలోనే 12.5 ఎంబీ, అంటే ఎనిమిది వేల పైచిలుకు ప్యాకెట్లు ఉండాలి. వెయ్యి దాటగానే నెట్‌ఎమ్ పారేస్తుంది, మీరేమో అల్గారిథమ్ బాగాలేదని రిపోర్ట్ రాస్తారు. హద్దు పెంచండి. ఒక్కో ప్రయోగం ఒక నిమిషమైనా నడపండి, బీబీఆర్ పది సెకన్లకోసారి తన కొలత సరిచూసుకుంటుంది, ఇరవై సెకన్ల గ్రాఫ్‌లో అది ప్రమాదంలా కనిపిస్తుంది.

నడుస్తున్న కనెక్షన్‌లో విండో ఎంత ఉందో కళ్లతో చూడొచ్చా?

చూడొచ్చు. లైనక్స్‌లో ఎస్‌ఎస్ అనే కమాండ్‌కు టీ, ఐ ఆప్షన్లు కలిపి ఇవ్వండి. ప్రతి కనెక్షన్ కింద ఏ అల్గారిథమ్ నడుస్తోందో, పోయి వచ్చే టైమ్ ఎంతో, విండో ఎన్ని ప్యాకెట్లో, ఎన్నిటిని మళ్లీ పంపాల్సి వచ్చిందో కనిపిస్తుంది. పెద్ద ఫైల్ ఒకటి అప్‌లోడ్ పెట్టి, సెకనుకోసారి ఆ కమాండ్ కొడుతూ విండో అంకెను చూడండి. మొదట 10 ఉంటుంది, ఎగబాకుతుంది, ఒకచోట తటాలున పడుతుంది, మళ్లీ ఎక్కుతుంది. డౌన్‌లోడ్ పెట్టి చూస్తే మాత్రం ఆ 10 కదలదు, పంపేది మీరు కాదు కదా.